పాత సార్టెక్స్ తీసి కొత్తది పెడితే: ఇంక్రిమెంటల్ క్యాష్ ఫ్లో లెక్క ఎక్కడ తప్పుతోంది?

వడ్లగిర్ని:

అందరికీ నమస్తే. నల్గొండ జిల్లాలో గంటకు 4 టన్నుల మిల్లు. ఏడాదికి 10,000 టన్నుల వడ్లు ఆడుతుంది, అంటే 2,500 గంటలు. అంతా పచ్చి బియ్యమే, ఉప్పుడు బియ్యం లేదు. సార్టెక్స్ (కెమెరాతో చూసి రంగు మారిన గింజని గాలితో కొట్టి వేరుచేసే మిషన్) మీదుగా పోయేది 6,000 టన్నుల బియ్యం. అందులో సగం సీఎంఆర్ (ప్రభుత్వ వడ్లు ఆడించి తిరిగిచ్చే బియ్యం), సగం సొంత వ్యాపారం, 26 కిలోల బస్తాలు. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, సెస్సుతో కలిపి పన్ను 31.2 శాతం.

పాత సార్టెక్స్‌కి తొమ్మిదేళ్లు. రిజెక్షన్ (మిషన్ చెడ్డదని పక్కకి తోసేసేది) 3 శాతం దాకా పోతోంది. కొత్త మిషన్ కొటేషన్ 30 లక్షలు. దానికి కంప్రెసర్, ఎయిర్ డ్రయర్, ట్యాంకు మరో 6 లక్షలు. రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ. ఫౌండేషన్, కేబుల్, బిగింపు పన్నులతో సహా 1.02 లక్షలు. పాతదాన్ని 5 లక్షలకు తీసుకుంటామంటున్నారు, మా పుస్తకాల్లో దాని విలువ ఇంకా 8 లక్షలు ఉంది.

ఇప్పుడు నా దగ్గర రెండు షీట్లున్నాయి. మిషన్ అమ్మేవాళ్ల షీటులో ఏడాదికి లాభం 68.44 లక్షలు. అందులో రిజెక్షన్ 3 నుంచి 1.6 శాతానికి తగ్గి 84 టన్నుల బియ్యం మిగులుతుందని, కిలో 42 చొప్పున 35.28 లక్షలు. బియ్యం శుభ్రంగా ఉంటుంది కాబట్టి కిలోకి 50 పైసలు ఎక్కువని, 6,000 టన్నులకి 30 లక్షలు. ఒక ఆపరేటర్ తగ్గుతాడని 2.16 లక్షలు, కరెంటు 1 లక్ష. పెట్టుబడి 36 లక్షలు ఆరున్నర నెలల్లో వచ్చేస్తుందట.

మా అకౌంటెంట్ షీటు దీనికి పూర్తిగా తలకిందులు. ఏటా తరుగుదల (మిషన్ విలువలో ఏటా తగ్గినట్టు రాసేది), 30 లక్షల లోను మీద 11 శాతం చొప్పున 3.30 లక్షల వడ్డీ, ఆఫీసు ఖర్చుల్లో వాటా 1.50 లక్షలు తీసేశాడు. ప్రాజెక్టు రిపోర్టుకి పోయిన నెల ఇచ్చిన 40 వేలు కూడా మిషన్ ఖరీదులో కలిపాడు. పాతది 3 లక్షల నష్టానికి అమ్ముతున్నాం కాబట్టి ఆ నష్టం మీద పన్ను మిగులుతుందని మాత్రం కలిపాడు.

రెండిట్లో దేన్ని నమ్మాలి? మిషన్ ఆరేళ్లు వాడతామని, ఆరేళ్ల తర్వాత 6 లక్షలకు పోతుందని అనుకున్నాం. పాతదాన్ని ఆరేళ్లు ఉంచుకుంటే చివరికి 50 వేల తుక్కు. పార్ట్‌నర్లు పెట్టిన డబ్బుకి 14 శాతం అడుగుతున్నారు.

లెక్కలపద్దు:

రెండూ నమ్మకండి. అమ్మేవాళ్ల షీటు రాబడి దగ్గర తప్పు, అకౌంటెంట్ షీటు ఖర్చు దగ్గర తప్పు. ప్రతి వరుస దగ్గర ఒకటే ప్రశ్న వేసుకోండి: మిషన్ కొంటే ఈ డబ్బు ఎంత, కొనకపోతే ఎంత? తేడా ఉంటేనే ఆ వరుస షీటులో ఉండాలి. ఇంక్రిమెంటల్ క్యాష్ ఫ్లో అంటే ఆ తేడానే.

మొదట అకౌంటెంట్‌ది. 40 వేల రిపోర్టు ఫీజు కొన్నా పోయింది, కొనకపోయినా పోయింది. కొట్టేయండి. ఆఫీసు ఖర్చుల వాటా కూడా అంతే. మిషన్ వచ్చినందుకు గుమస్తా జీతం పెరగదు. ఇన్సూరెన్సు మాత్రం నిజంగానే పెరుగుతుంది, ఏటా ఓ 15 వేలు వేసుకోండి. వడ్డీ తీసేయడం పెద్ద తప్పు. ఆ 14 శాతం రేటు డబ్బు ఖరీదే కదా. వడ్డీని క్యాష్ ఫ్లోలో ఒకసారి తీసేసి, మళ్లీ 14 శాతంతో డిస్కౌంట్ చేస్తే (రాబోయే డబ్బుని ఇవాళ్టి విలువకి తగ్గిస్తే) ఒకే బాకీ రెండుసార్లు కట్టినట్టు. తరుగుదల నగదు కాదు, అది ఆదా చేసే పన్ను మాత్రమే నగదు. దాని సంగతి పన్ను తెలిసినవాళ్లు రాస్తే బాగుంటుంది.

ఇక అమ్మేవాళ్ల షీటు. ఆపరేటర్ ఎక్కడికి పోతాడు? ప్యాకింగుకి పంపితే జీతం మీరే ఇస్తారు, మిగిలేది సున్నా. ప్యాకింగులో ఇంకో మనిషిని పెట్టుకోబోతూ, ఇతన్ని అక్కడికి మార్చి ఆ నియామకం మానుకుంటేనే 2.16 లక్షలు నిజం.

అసలు కథంతా 35.28 లక్షల్లో ఉంది. ఆ 84 టన్నులు ఇప్పుడు పారబోస్తున్నారా? లేదు, రిజెక్షన్ బస్తాల్లో అమ్ముతున్నారు. కిలో ఎంతకి పోతోందో మీరు రాయలేదు. 22 అనుకుందాం. మంచి బియ్యంలో 84 టన్నులు పెరిగితే రిజెక్షన్‌లో అదే 84 టన్నులు తగ్గుతుంది. కాబట్టి కిలోకి మిగిలేది 42 కాదు, 20. మొత్తం 16.80 లక్షలు.

అక్కడితో కూడా ఆగకూడదు. ఇప్పటి రిజెక్షన్ 180 టన్నుల్లో నిజంగా చెడ్డ గింజ ఎంత? 60 టన్నులు అనుకుంటే మిగతా 120 మంచిదే. అంటే మీ రిజెక్షన్ కొనేవాడు మూడింట రెండొంతులు మంచి బియ్యం కొంటున్నాడు, 22 ఇవ్వడం అందుకే. కొత్త మిషన్ వచ్చాక రిజెక్షన్ 96 టన్నులు, అందులో అదే 60 టన్నుల చెడ్డ గింజ. మంచిది 36 టన్నులే. బస్తాలో చేయి పెట్టి చూడగానే అతనికి తెలిసిపోతుంది. రేటు 19కి దించితే 96 టన్నుల మీద కిలోకి 3 చొప్పున 2.88 లక్షలు పోతాయి. నికరంగా 13.92 లక్షలు. 35 లక్షలు ఎక్కడ, 14 లక్షలు ఎక్కడ.

కిలోకి 50 పైసల సంగతి: సీఎంఆర్ సగానికి అది వర్తించదు. పచ్చి బియ్యంలో రంగు మారిన గింజ 3 శాతం దాకా ఒప్పుకుంటారు. ఆ గీత దాటకపోతే చాలు, 1 శాతం ఉన్నా పైసా ఎక్కువ రాదు. సొంత వ్యాపారం 3,000 టన్నులకే లెక్క. ఆ 50 పైసలైనా కొనేవాళ్లు చెప్పిన మాటా, అమ్మేవాళ్లు చెప్పిన మాటా? చుట్టుపక్కల మిల్లులన్నీ కొత్త మిషన్లు పెట్టాక శుభ్రమైన బియ్యం మామూలు బియ్యం అయిపోతుంది. ఆరేళ్లూ ప్రీమియం వేయకండి, రెండేళ్లు చాలు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, దాచను. అందరూ మార్చి మీరొక్కరే మార్చకపోతే మీ రేటు మామూలు కంటే కిందికి పడొచ్చు. అప్పుడు ఆ నష్టం తప్పడమే మిషన్ రాబడి. రెండు కథల్లో ఒకటి ఎంచుకోండి, రెండూ కలిపి వేసుకోవద్దు.

గాలినాజిల్:

పై లెక్క సరైనదే కానీ 3, 1.6 అనే రెండు అంకెలు ఎక్కడివి? డెమోలో చూపించినవైతే పక్కన పెట్టండి. డెమోలో తక్కువ లోడే వదులుతారు, కంప్రెసర్ వాళ్లది, గాలి పొడిగా ఉంటుంది, గ్లాసు మీద దుమ్ము ఉండదు. మీ మిల్లు పూర్తి లోడులో, అంటే గంటకు 2.4 టన్నుల బియ్యం పోతుంటే, చ్యూట్ (గింజలు జారే వాలు పలక) మీద గింజలు ఒకదానికొకటి ఆనుకుని జారతాయి. చెడ్డ గింజని కొట్టిన గాలి పక్కనున్న రెండు మూడు మంచి గింజల్ని కూడా లాక్కుపోతుంది. రిజెక్షన్‌లో మంచి బియ్యం ఉండడానికి అసలు కారణం అదే.

మీ మిల్లులోనే కొలవండి. మామూలు లోడులో మిషన్ అరగంట నడిచాక, రిజెక్షన్ గొట్టం కింద పది నిమిషాలు బస్తా పెట్టి తూకం వేయండి. అదే పది నిమిషాల్లో మంచి బియ్యం ఎంత పోయిందో కూడా తూకం ఉండాలి. ఆ రిజెక్షన్ బస్తాని బాగా కలిపి 200 గ్రాములు తీసి, చేత్తో ఏరి మంచిది, చెడ్డది విడివిడిగా తూయండి. ఒక్కసారి కాదు. సాంబ మసూరి, 1010, తెలంగాణ సోనా మూడింటికీ వేరుగా చేయండి, సన్న గింజకీ దొడ్డు గింజకీ అంకె మారుతుంది. వానల్లో తడిసిన ఖరీఫ్ వడ్లలో రంగు గింజ ఎక్కువ, యాసంగిలో నూక ఎక్కువ. ఏడాదంతటికీ సరాసరి కావాలంటే ఏ రకం ఎన్ని టన్నులో ఆ బరువుతో కట్టాలి. కొత్త మిషన్‌కి కూడా మీ బియ్యం పది బస్తాలు పంపి, మీ పూర్తి లోడు మీదే ఆడించమని చెప్పండి.

ఇంకో మాట. తొమ్మిదేళ్ల మిషన్ 3 శాతం తీస్తోందంటే చాలావరకు అది మిషన్ వయసు కాదు. ఇజెక్టర్ వాల్వులు (గింజ మీదికి గాలి వదిలేవి) అరిగి, తెరుచుకున్నది త్వరగా మూసుకోదు, గాలి దెబ్బ పొడుగవుతుంది. డ్రయర్ సరిగ్గా లేకపోతే లైన్లోకి నీరు, నూనె వచ్చి నాజిళ్లు పూడుకుపోతాయి. ఇజెక్టర్లు, లైట్లు, గ్లాసులు, ఎయిర్ ఫిల్టర్లు మార్పించి మళ్లీ క్యాలిబ్రేట్ చేస్తే ఎంత తగ్గుతుందో కొటేషన్ తీసుకోండి. మీరు పోల్చాల్సింది పాడైన పాత మిషన్‌తో కాదు, బాగుచేసిన పాత మిషన్‌తో.

బ్లాక్‌బాకీ:

పన్ను, జీఎస్టీ విషయం నేను చూస్తాను.

జీఎస్టీ ముందు. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం పడుతోంది. 26 కిలోల బస్తాకి పడదు, ఆ బస్తా పుట్టిందే అందుకు. కానీ దానికో ధర ఉంది: అమ్మకానికి పన్ను లేకపోతే మిషన్ మీద కట్టిన జీఎస్టీ క్రెడిట్ రాదు. పన్ను పడే అమ్మకాలు కొంత ఉంటే ఆ నిష్పత్తిలో, అది కూడా 60 నెలల మీద పరిచి వస్తుంది. మీ టర్నోవర్‌లో ఆ భాగం చిన్నదే అనుకుంటున్నాను కాబట్టి మొత్తం జీఎస్టీని ఖరీదులో కలపండి:

మిషన్ 30.00, జీఎస్టీ 5.40, కంప్రెసర్ సెట్టు 6.00, జీఎస్టీ 1.08, బిగింపు 1.02. మొత్తం 43.50 లక్షలు. అమ్మేవాళ్లు చెప్పిన 36 కాదు.

క్రెడిట్ వచ్చే మిల్లు అయితే ఆ జీఎస్టీని ఖరీదులో కలపకూడదు, దాని మీద తరుగుదలా వేయకూడదు. రెండు వైపులా తినడానికి చట్టం ఒప్పుకోదు.

పాత మిషన్ మీద 3 లక్షల నష్టం అనేది మీ పుస్తకాల్లోనే. ఆదాయపు పన్నులో ఒక్కో మిషన్‌కి విడిగా లాభనష్టాలు చూడరు, ఒకే రేటున్న యంత్రాలన్నీ ఒక బ్లాక్. కొత్తది 43.50 బ్లాక్‌లోకి వస్తుంది, పాతది అమ్మిన 5.00 బ్లాక్‌లోంచి పోతుంది. పెరిగింది 38.50. దాని మీద ఏటా మిగిలిన విలువకి 15 శాతం. పుస్తకాల్లోని 8 లక్షల అంకెకి ఈ షీటులో చోటే లేదు.

15 శాతం చొప్పున తరుగుదల (లక్షల్లో): 5.78, 4.91, 4.17, 3.55, 3.01, 2.56. వీటికి 31.2 శాతం పన్ను ఆదా: 1.80, 1.53, 1.30, 1.11, 0.94, 0.80.

ఆరేళ్ల తర్వాత బ్లాక్‌లో 14.52 మిగులుతుంది. అప్పుడు కొత్తది 6 లక్షలకు అమ్మినా, ఎలాగూ వచ్చే పాత తుక్కు 0.50 తీసేస్తే తేడా 5.50. బ్లాక్‌లో 9.02 ఉండిపోతుంది. మిల్లు నడుస్తున్నంత కాలం ఆ 9.02 మీద తరుగుదల వస్తూనే ఉంటుంది, ఆరో ఏట మొత్తం కొట్టేయడం కుదరదు. ఆరో ఏటి చివర దాని విలువ: 9.02 × 31.2% × 15 ÷ (15 + 14) = 1.46 లక్షలు (15 తరుగుదల రేటు, 14 పార్ట్‌నర్లు అడిగే రేటు). ఈ వరుసల్లోని పన్ను ఆదా అంతా ఇవాళ్టి విలువకి తెస్తే 5.81 లక్షలు.

తేదీ జాగ్రత్త. మిషన్ ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులైనా వాడాలి, అంటే అక్టోబర్ 3 లోపు ఆడటం మొదలుకావాలి. దాటితే మొదటి ఏడాది సగం తరుగుదలే. పైగా ఖరీఫ్ వడ్లు దిగాక నాలుగు రోజులు మిల్లు ఆపి బిగించుకుంటే ఆ ఆగుబాటు కూడా ప్రాజెక్టు ఖర్చే. సెప్టెంబర్‌లో పెట్టుకుంటే రెండూ తప్పుతాయి. అదనపు తరుగుదల 20 శాతం వస్తుందా అనేది మీ ఆడిటర్ చెప్పాలి. అది లేకుండానే లెక్క నిలబడాలి.

వడ్లగిర్ని:

చాలా థాంక్స్. గాలినాజిల్ గారు చెప్పినట్టే కొలిచాం. మూడు రకాల సరాసరి 3 శాతమే, అందులో చెడ్డ గింజ మూడో వంతు. మా పది బస్తాలు కొత్త మిషన్ మీద మా పూర్తి లోడుతో ఆడిస్తే 1.6 వచ్చింది. రిజెక్షన్ ఇప్పుడు 22కే పోతోంది. శాంపిల్ చూపిస్తే 19 అన్నారు.

బాగుచేయడానికి కొటేషన్ 2.50 లక్షలు, జీఎస్టీతో. రిజెక్షన్ 2.4కి దిగుతుందంటున్నారు, మూడేళ్లకోసారి మళ్లీ ఇదే ఖర్చు. పాత మిషన్ నిర్వహణ ఇప్పుడు ఏటా 1.80 లక్షలు. కొత్తదానికి మొదటి ఏడాది వారంటీ, రెండో ఏడాది నుంచి ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం) 1.20. కరెంటు గంటకు 5 యూనిట్లు తగ్గుతుంది, యూనిట్ 8 చొప్పున 1 లక్ష, అది మీటరు పెట్టి చూశాం.

ప్రీమియం గురించి హైదరాబాద్ కొనుగోలుదార్లని అడిగాం. 25 పైసలు ఇస్తామన్నారు. 50 ఎవరూ అనలేదు.

లెక్కలపద్దు:

ఇప్పుడు లెక్కకి పునాది ఉంది. అన్నీ లక్షల్లో.

కొత్త మిషన్, ఇప్పటి పరిస్థితితో పోలిస్తే. ఇవాళ చేతిలోంచి పోయేది 43.50 − 5.00 = 38.50.

మొదటి ఏడాది: రిజెక్షన్ మీద 13.92, కరెంటు 1.00, నిర్వహణ 1.80, ఇన్సూరెన్సు −0.15, ప్రీమియం 7.50 (3,000 టన్నులు, 25 పైసలు). మొత్తం 24.07, పన్ను పోగా 16.56. రెండో ఏడాది నిర్వహణ ఆదా 0.60కి తగ్గుతుంది: 22.87, పన్ను పోగా 15.74. మూడు నుంచి ఆరు దాకా ప్రీమియం లేదు: 15.37, పన్ను పోగా 10.57.

14 శాతంతో ఇవాళ్టి విలువ 50.34. తరుగుదల పన్ను ఆదా 5.81. చివర్లో అమ్మకం తేడా 5.50కి ఇవాళ్టి విలువ 2.51. మొత్తం 58.66 లోంచి 38.50 తీసేస్తే ఎన్‌పీవీ (పెట్టుబడి పోగా మిగిలే ఇవాళ్టి విలువ) 20.16 లక్షలు. ప్రీమియం అసలు రాకపోతే 11.66.

ఇక్కడే ఆగిపోతే కొనేయమంటాం. కానీ రెండో దారి చూడండి.

పాతది బాగుచేస్తే రిజెక్షన్ 180 నుంచి 144 టన్నులు. 36 టన్నుల మంచి బియ్యం, కిలోకి 20 తేడా, 7.20 లక్షలు. రిజెక్షన్ నాణ్యత కొంచెం పడిపోతుంది, 22 కాస్తా 21 అనుకుందాం, 144 టన్నుల మీద 1.44 పోతుంది. నికరం 5.76, పన్ను పోగా 3.96, ఆరేళ్ల విలువ 15.41. రిపేరు ఖర్చు బ్లాక్‌లోకి పోదు, అదే ఏడాది ఖర్చులో రాసుకోవచ్చు. కాబట్టి 2.50 అసలు భారం 1.72. మూడో ఏడాది చివర మళ్లీ 1.72, ఇవాళ్టి విలువ 1.16. ఎన్‌పీవీ 12.53 లక్షలు.

రెండున్నర లక్షలు పెట్టి 12.53. ముప్ఫై ఎనిమిదిన్నర పెట్టి, ప్రీమియం వస్తే 20.16, రాకపోతే 11.66. అంటే బాగుచేసిన పాతదాని మీద కొత్తది అదనంగా ఇచ్చేది ప్రీమియంతో 7.63 లక్షలు, లేకుండా −0.87. రిజెక్షన్ ఆదా, కరెంటు ఆదా, నిర్వహణ ఆదా అన్నీ కలిసి కూడా కొత్త మిషన్‌ని బాగుచేసిన పాతదాని పైకి ఎత్తలేకపోతున్నాయి. ఎత్తేది ఆ 25 పైసలే.

రేట్లన్నీ ఆరేళ్లూ ఇవాళ్టివే ఉంచాను. 14 శాతంలో ధరల పెరుగుదల కలిసే ఉంటుంది కాబట్టి ఇది కొంచెం బిగుతుగా కట్టిన లెక్కే. బియ్యం 42, రిజెక్షన్ 22 రెండూ ఏటా 4 శాతం పెరిగితే మధ్యలో ఉన్న 20 కూడా పెరుగుతుంది, కొత్త మిషన్‌కి అది కాస్త కలిసొస్తుంది. పెంచాలనుకుంటే ఏఎంసీని, కరెంటు రేటుని కూడా పెంచండి. ఒకటి పెంచి ఇంకోటి వదలొద్దు.

బ్లాక్‌బాకీ:

లెక్క సరిపోయింది. ఒక్క సందేహం. ఆ 25 పైసలు ఇచ్చే కొనుగోలుదార్లు డబ్బు ఎన్ని రోజులకి ఇస్తారు? ఇప్పుడు మీ బియ్యం కొంటున్నవాళ్లకంటే ఎక్కువ గడువు అడిగితే అది వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారంలో ఇరుక్కుని తిరిగే డబ్బు), మిషన్ షీటులోకే రావాలి.

వడ్లగిర్ని:

ఇప్పటివాళ్లు వారంలో ఇస్తారు. వీళ్లు 17 రోజులన్నారు. పది రోజులే కదా అని పట్టించుకోలేదు.

బ్లాక్‌బాకీ:

పది రోజులే కదా అనేది బియ్యం వ్యాపారంలో ఖరీదైన మాట. 3,000 టన్నులు, టన్ను 42,000, ఏడాదికి 12.60 కోట్లు. రోజుకి 3.45 లక్షలు. పది రోజులకి 34.5 లక్షలు బాకీల్లో ఇరుక్కుంటాయి. మిషన్‌కి నికరంగా పెట్టే డబ్బుకి దాదాపు సమానం. (అమ్మకం ధర మీద కాకుండా చేతిలోంచి పోయిన ఖర్చు మీద కట్టాలి, నిజమే. మిల్లులో మార్జిన్ పలచన కాబట్టి తేడా చిన్నది, వదిలేస్తున్నాను.)

రెండేళ్ల తర్వాత ఆ 34.5 పూర్తిగా తిరిగొచ్చిందనుకున్నా, ఇవాళ ఇచ్చి రెండేళ్లకి తీసుకోవడం వల్ల పోయేది 34.5 × (1 − 0.7695), 7.96 లక్షలు (14 శాతంతో, రెండేళ్లకి వచ్చే రూపాయికి ఇవాళ్టి విలువ 0.7695). పైన కొత్త మిషన్‌కి మిగిలింది 7.63. అయిపోయింది, −0.33.

పైసల్లో చెప్పాలంటే, ప్రీమియం రెండేళ్లు ఉంటే ఒక్కో పైసా విలువ 0.34 లక్షలు. ఒక్కో రోజు అదనపు అప్పు రెండేళ్లలో తినేది 0.80 లక్షలు, అంటే సుమారు 2.3 పైసలు. వారానికే డబ్బిచ్చేవాడు 3 పైసలు ఎక్కువిచ్చినా కొత్త మిషన్ గట్టెక్కుతుంది. 17 రోజులవాడు 26 పైసలు ఇవ్వాలి. ఇచ్చేది 25.

అదీ ప్రీమియం, గడువు రెండూ ఒకేసారి పోతాయనుకుంటే. మార్కెట్‌లో ముందు పోయేది ప్రీమియం. 17 రోజుల అలవాటు అలాగే ఉండిపోతుంది. ఆరేళ్లూ ఉండిపోతే పోయేది 7.96 కాదు, 18.8 లక్షలు.

గాలినాజిల్:

పాత మిషన్ ఆరేళ్లు ఆగుతుందా అన్నది కూడా చూసుకోండి. కెమెరా బోర్డులు దొరకడం ఆగిపోతే రిపేరు మాట చెల్లదు. కొటేషన్ ఇచ్చినవాళ్ల దగ్గర మూడేళ్లకి విడిభాగాలు ఇస్తామని రాయించుకోండి. మూడేళ్లే ఆగితే అప్పుడు పోల్చాల్సింది ఇవాళ కొనడం, బాగుచేసి మూడేళ్ల తర్వాత కొనడం. అక్కడ రెండో రిపేరు ఖర్చు పోయి, మిషన్ ఖరీదు మూడేళ్లు వెనక్కి జరుగుతుంది.

ఎటు పోయినా ఎయిర్ డ్రయర్ మాత్రం ఇప్పుడే చూపించండి. తడి గాలి పోతుంటే కొత్త ఇజెక్టర్లు కూడా మూడేళ్లు నిలవవు.

వడ్లగిర్ని:

విడిభాగాలకి రాతపూర్వకంగా అడిగాం. కొనుగోలుదార్లకి రెండు రేట్లు పంపుతున్నాం: వారానికైతే ఒకటి, 17 రోజులకైతే దానిమీద 24 పైసలు ఎక్కువ. డ్రయర్ విప్పితే డ్రెయిన్ వాల్వ్ పూర్తిగా మూసుకుపోయి ఉంది, ట్యాంకు అడుగున రెండు లీటర్ల దాకా నీళ్లున్నాయి. అది మార్చి, రిజెక్షన్ మళ్లీ తూకం వేశాకే మిగతా లెక్క.